అరవనివాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళిన మనిషి

ఈ నెల మొదటి వారంలో ఒక ఉదయం షాపు షట్టరు ఎత్తి, దేవుడి పటానికి అగరొత్తులు వెలిగిస్తుంటే ఫోను మోగింది. అంబులెన్సు నడిపే పైలట్ గారు. మా వైపు అంబులెన్సు డ్రైవర్ని పైలట్ అనే పిలుస్తారు. ఆయన ఊరికే ఫోను చేసే మనిషి కాదు. పేరు కనపడగానే నా చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, మేడమ్ పోయారండి. తెల్లారుజామున. విజయవాడ ఆసుపత్రిలోనే," అన్నాడు. "ఇంటికి, ఉంగుటూరు తీసుకెళ్తున్నారు. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోతుందట."

"సరేనండి," అన్నాను. ఆ సమయంలో సరే అనడమేమిటో నాకే తెలియదు. తరవాత ఒకాయన వచ్చి మామిడికాయల ట్రేలు అడిగితే పురికొస ఉండ తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన నా మొహం చూసి, "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగాడు.

నిజం చెప్పాలంటే నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, భయం. వెన్నులోంచి పాకి మెడ దగ్గర ఆగిన భయం. అది ఎందుకో తరవాత చెప్తాను. ముందే చెప్తే ఈ నాలుగు మాటలూ ఆవిడ గురించి కాకుండా నా గురించి రాసినట్టవుతుంది.

ఆవిడ అంబులెన్సులో వెనకాల ఉండే మనిషి. రోడ్డు మీద పడ్డవాళ్ళని డాక్టరు కన్నా ముందు ముట్టుకునే మనిషి. నూజివీడు చుట్టుపక్కల పద్నాలుగేళ్ళు ఆ పని చేసింది. పొట్టిగా, సన్నగా ఉండేది. నీలం చొక్కా భుజాల మీద వదులుగా వేలాడుతుండేది. గొంతు ఎంత చిన్నదంటే, మా షాపులో ఫ్యాను తిరుగుతుంటే ఆవిడ మాట వినపడక రెండోసారి అడిగేవాళ్ళం.

మాకు ఆవిడ పరిచయమైంది అయిదేళ్ళ కిందట, మే నెలలో.

మాది మామిడికాయలు కొనే వ్యాపారం కాదు గానీ, మామిడికాయల మీదే మా బతుకు. ప్లాస్టిక్ ట్రేలు, అట్టపెట్టెలు, పాత పేపర్లు, పురికొస అమ్ముతాం. సీజను వచ్చిందంటే మా రోడ్లు మావి కావు. తోటల్లోంచి కాయలెత్తిన వ్యాన్లు మార్కెట్టుకి పరుగులు పెడుతుంటాయి. రెండు మూడు రోజులు నిద్రలేని డ్రైవర్లుంటారు. మాకందరికీ తెలుసు. తెలిసీ ఆ రోడ్ల మీదే తిరుగుతాం.

ఆ రోజు విస్సన్నపేటలో మా ఆడపడుచు గారింట్లో గృహప్రవేశం. మా ఆయన షాపు వదిలి రాలేనంటే నేనూ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయీ వెళ్ళాం. భోజనాలయ్యాక తిరుగు ప్రయాణానికి తెలిసిన ముసలాయన ఆటో ఒకటి మాట్లాడుకున్నాం. సగం దూరం వచ్చాక, రెండు వైపులా మామిడితోటలున్న మలుపులో, ఎదురుగా వ్యాను మా వైపుకి వచ్చింది. గుద్దుకోవడం నాకు గుర్తులేదు. ఆ తరవాతి నిశ్శబ్దం గుర్తుంది. ఆ నిశ్శబ్దంలో పచ్చి మామిడికాయల సొన వాసన ఘాటుగా ముక్కుకి తగలడం గుర్తుంది. వ్యాన్లోని కాయలన్నీ రోడ్డు మీద చిట్లిపోయి ఉన్నాయి. ఇప్పటికీ సీజను మొదట్లో ఆ వాసన తగిలితే నా నోరు పిడచకట్టుకుపోతుంది.

తరవాత మా అమ్మాయి అరుపు వినపడింది. నాలుగు బారల దూరంలో, రోడ్డు పక్క కంకరలో పడి ఉంది. కుడికాలు మోకాలి కింద ఉండాల్సిన తీరులో లేదు. నేను లేవబోతే కాళ్ళు ఆడలేదు. చేతుల మీద పాకుతూ వెళ్ళాను. నుదుటి మీంచి నెత్తురు కారి ఒక కంట్లో పడుతోంది. తోటలో కాయలు కోస్తున్న కూలీలు పరిగెత్తుకొచ్చారు. ఒకాయన పాపని చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. అది పెట్టిన కేకకి ఆయనే భయపడి వదిలేశాడు. మిగతావాళ్ళు వ్యాను డ్రైవర్ని కాలరు పట్టుకుని కిందికి లాగారు. రెండు దెబ్బలు పడిన చప్పుడు విన్నాను.

"తప్పు నాదేనండి," అంటున్నాడతను. "నాకేం కాలేదు. పాపని చూడండి."

ముప్ఫై ఏళ్ళుంటాయేమో. తోట కంచె రాతికి ఆనుకుని కూర్చుని, ఎవరైనా కాసిని మంచినీళ్ళివ్వమని అడుగుతున్నాడు.

అంబులెన్సు రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఇరవై నిమిషాలని తరవాత చెప్పారు. నా ఒంట్లో ప్రాణమంతా ఆ సైరను మోత మీదే ఉంది. బండి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ దిగింది.

పరిగెత్తలేదు. నా బిడ్డ అలా అరుస్తుంటే ఆవిడ పరిగెత్తలేదు. దిగి, అక్కడే నిలబడి, నాలుగు వైపులా చూసింది. నాకు మొదటి కోపం అక్కడే వచ్చింది. కూలీల్లో ఇద్దర్ని పిలిచి, తువ్వాళ్ళు తీసుకుని మలుపుకి చెరోవైపు వెళ్ళి వచ్చే బండ్లని ఆపమంది. బీడీ కాలుస్తున్న ఒకాయన్ని ఆర్పేయమంది. ఆ తరవాత మా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుంది.

"తల్లీ, నేను అంబులెన్సు ఆంటీని. నీ పేరేంటి? ఇప్పుడు నీ కాలి వేలు నొక్కుతాను. తెలుస్తోందా? ఆడించు. మంచిది. ఇప్పుడు పొట్ట మీద చెయ్యి పెడతాను."

అంతా అరనిమిషం పట్టిందేమో. నా వైపు తిరిగింది.

"మీరు అమ్మేనా? మోకాళ్ళ మీద కూర్చోండి. రెండు చేతులతో తల ఇలా పట్టుకోండి. ఎటూ తిరగనివ్వకండి. మెడకి దెబ్బ తగలలేదని తేలేదాకా వదలొద్దు. నేను చెప్పేదాకా."

నా చేతుల మీద తన చేతులు పెట్టి, ఎంత గట్టిగా పట్టుకోవాలో చూపించింది. కంకర కాలిపోతోందని వ్యాన్లోని అట్టపెట్టెలు చింపించి పాప చేతుల కింద పెట్టించింది. పైలట్ గారిని కాలికి చెక్క కట్టమంది. లేచి వెళ్ళిపోయింది, ఆ డ్రైవరు దగ్గరికి.

తల పట్టుకుని వంగి ఉన్నాను గనక నాకు మా అమ్మాయి మొహం తప్ప ఏమీ కనపడదు. మిగతాదంతా వినడమే. కనపడకపోవడం కన్నా పెద్ద భయం లేదని ఆ రోజు తెలిసింది.

"వాడికేంటి మేడమ్, శుభ్రంగా కూర్చున్నాడు. ముందు పాపని చూడండి," అని ఎవరో అరిచారు.

"పాప అరుస్తోంది కదండీ. అరుస్తోందంటే ఊపిరి ఉంది," అంటోంది ఆవిడ చిన్న గొంతుతో. "ఈయన అరవట్లేదు. నీళ్ళివ్వకండి. పడుకోబెడదాం, ఓ చెయ్యి వెయ్యండి."

"తాగొచ్చి గుద్దాడు మేడమ్ వాడు."

"తప్పెవరిదో చూడ్డానికి పోలీసులొస్తారు. నాకు ఆ పని పెట్టకండి. కాస్త ఆ కాళ్ళు ఎత్తి పట్టుకోండి."

అతన్ని కొట్టినాయనే కాళ్ళు ఎత్తి పట్టుకున్నాడని తరవాత పైలట్ గారు చెప్పారు.

అంబులెన్సులోకి ఇద్దర్నీ ఎక్కించారు. స్ట్రెచరు మీద అతను, పక్కన పొడుగు బల్ల మీద చెక్కపలకకి కట్టి మా అమ్మాయి. దాని తల నా చేతుల్లో. ఆటో ముసలాయనకి మోచేతులు దోక్కుపోయాయంతే, ముందు సీట్లో కూర్చున్నాడు. బండి కదిలిన దగ్గర్నుంచీ ఆవిడ చేతులు అతని మీదే ఉన్నాయి. సూది ఎక్కించబోతే నరం దొరకలేదు. చెయ్యి వణికింది. మణికట్టుని స్ట్రెచరు కడ్డీకి ఆనించి, వణుకు ఆపుకుని మళ్ళీ గుచ్చింది. మా అమ్మాయి "అమ్మా, కాలు, కాలు," అని ఏడుస్తోంది. ఆవిడ తల కూడా తిప్పట్లేదు.

నాకు ఏమైందో నాకే తెలియదు.

"నా కూతురు చచ్చిపోతుంటే వాడికి సేవలు చేస్తున్నావా? నీ పిల్లలకీ ఇలాగే జరగాలి. అప్పుడు తెలుస్తుంది. నీ కొంప కూడా ఇలాగే రోడ్డు మీద పడాలి. దిక్కులేని చావు చస్తావు నువ్వు."

రాయడానికి కూడా చెయ్యి రావట్లేదు. కానీ అన్నాను. ఇంకా అన్నాను. ఆవిడ వెనక్కి తిరగలేదు. మెడ మీద చెమట కాలర్లోకి కారడం కనపడింది. అతని ముక్కు దగ్గర చెవి పెట్టి వింటోంది. "గతుకులు చూసి పోనివ్వండి," అని మాత్రం పైలట్ గారితో అంది. కాసేపటికి అతని మొహానికి ఒక సంచీలాంటిది పెట్టి చేత్తో నొక్కుతూ ఊపిరి ఊదడం మొదలుపెట్టింది. ఊరు చేరేదాకా అది నొక్కుతూనే ఉంది.

నూజివీడు ఆసుపత్రిలో డాక్టరు గారికి మా అమ్మాయిని అప్పగిస్తూ ఆవిడ గబగబా చెప్పిన మాటలు విని నేను బిత్తరపోయాను. పేరు, వయసు, స్పృహ తప్పలేదు, వాంతి లేదు, కాలి వేళ్ళు ఆడుతున్నాయి, దారిలో మూడుసార్లు చూశాను, రంగు మారలేదు, తల్లి తల వదల్లేదు. దారిలో మూడుసార్లు ఎప్పుడు చూసింది? నేను శాపనార్థాలు పెడుతుంటేనే, ఒక చేత్తో అక్కడ పని చేస్తూ, రెండో చెయ్యి వెనక్కి చాపి మా అమ్మాయి పాదం ముట్టుకుందేమో. నేను గమనించలేదు. భయంలో మనిషికి కళ్ళుంటాయి గానీ చూపు ఉండదు.

"మీ నుదుటికి కుట్లు వేయించుకోండి," అని నాతో ఒక్క మాట అని, అతన్ని తీసుకుని అదే బండిలో విజయవాడ వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం డ్యూటీ అయ్యాక వార్డుకి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో మా అమ్మాయి చెప్పు ఒకటి, నా గాజు ఒకటి, ఆటో ఆయన కళ్ళజోడు. అది ఆవిడ అలవాటు. రోడ్డు మీద పడ్డవాళ్ళ వస్తువులు ఏరి సంచీలో వేసుకునేది. చెప్పులు ముఖ్యంగా. "దెబ్బలు తగిలి లేచినవాళ్ళు మొదట వెతుక్కునేది చెప్పుల్నేనండి. అవి కనపడితే ఇంటికి పోతామని ధైర్యమొస్తుంది," అనేది.

"ఆ డ్రైవరు?" అని అడిగాను, తలెత్తకుండా.

"పొట్టలో నెత్తురు కారిందండి. స్టీరింగు గుద్దుకుని. ఆపరేషన్ చేశారు. బతికే ఉన్నాడు. ఇంకా చెప్పలేం."

అప్పుడు నాకు అర్థమైంది. నీళ్ళడుగుతూ బుద్ధిగా కూర్చున్న మనిషి లోపల్లోపల చచ్చిపోతున్నాడు. అరుస్తున్న నా బిడ్డకి విరిగింది ఎముక.

అతను బతికాడు. తాగలేదనీ, మూడు రోజులు నిద్రలేదనీ తేలింది. ఇప్పుడు రెడ్డిగూడెం దగ్గర తోటల్లో కాపలా ఉంటున్నాడు, బండి ముట్టుకోడు. ఏటా సీజన్లో మా షాపు ముందు నుంచి వెళ్తూ నన్ను చూసి తల దించుకుంటాడు. నేనూ దించుకుంటాను. అతని కారణం అతనిది, నా కారణం నాది.

ఆ తరవాత ఆవిడ మా షాపుకి వస్తూ ఉండేది. మొదట పాప కాలెలా ఉందో చూడ్డానికి. తరవాత మధ్యాహ్నం బండి ఖాళీగా ఉంటే పైలట్ గారూ ఆవిడా ఓ గ్లాసు మజ్జిగ తాగి పోవడానికి. ఫోను పక్కనే పెట్టుకుని కూర్చునేది. అది మోగితే ఆవిడ మొహంలో రంగు పోయేది. నాకు ఆశ్చర్యంగా ఉండేది.

"ఇన్నేళ్ళయినా భయమేనా మేడమ్?" అని అడిగాను ఒకసారి.

"భయమేనండి. తెలిసినవాళ్ళెవరైనా అయ్యుంటారేమోనని. చిన్నపిల్లలేమోనని. బండి దిగేదాకా అరచేతులు చల్లగానే ఉంటాయి."

"మరి దిగాక పరిగెత్తరేం? ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది."

"పరిగెత్తితే నా గుండె చప్పుడే నాకు వినపడుద్దండి. వాళ్ళది వినపడదు," అంది.

ఆవిడ మాటలన్నీ అంతే. పెద్దగా చెప్పినట్టుండేవి కావు. జనం ఎంత గట్టిగా అరిస్తే ఆవిడ గొంతు అంత తగ్గించేదని పైలట్ గారు చెప్పేవారు. దెబ్బ తగిలినవాళ్ళ బంధువులతో, "మీరు అరిస్తే నాకు భయమేస్తుందండి. భయమేస్తే చేతులు వణుకుతాయి. మీ మనిషికే నష్టం. మెల్లగా చెప్పండి," అనేదట. ఎవరి ఒంటి మీద బట్ట కత్తిరించాల్సొచ్చినా ముందు చుట్టూ దుప్పటి పట్టించేది. ఫోన్లతో ఫోటోలు తీసేవాళ్ళకే ఆ దుప్పటి కొసలు ఇచ్చేది. రెండు చేతులూ దుప్పటికే సరిపోతాయి గదా మరి.

ఇంకో మాట. రోడ్డు మీద పడ్డవాళ్ళు ఎవరైనా అడిగేది ఒకటే. నాకేం కాదు కదా? అందరూ అనే జవాబు, ఏం కాదు. ఆవిడ అనేది కాదు. "నేనిక్కడే ఉన్నాను. ఏం చేస్తున్నానో చెప్తూ ఉంటాను," అనేది. "పడి ఉన్నవాళ్ళకి అబద్ధం చెప్పకూడదండి. వాళ్ళకి తెలిసిపోతుంది. తెలిసిపోతే ఇక మనం చెప్పే ఏ మాటా నమ్మరు," అని నాతో చాలాసార్లు అంది.

మూడేళ్ళ కిందట సీజను ముందు, మా షాపుకొచ్చే వ్యాన్ల డ్రైవర్లనీ హమాలీలనీ ఓ గంట కూర్చోబెట్టమని అడిగింది. అంబులెన్సు వచ్చేలోపు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చూపిస్తానంది. ట్రేలు పక్కకి జరిపి చోటు చేశాం. దెబ్బ తగిలిన మనిషిలా ఒకరు కింద పడుకోవాలి. మగవాళ్ళంతా నవ్వుకుంటూ వెనక్కి జరిగారు. నేనే పడుకుంటానన్నాను. ఎందుకన్నానో తెలియదు.

పడుకుని పైకి చూస్తే చుట్టూ వంగిన మొహాలు, వెనకాల పైకప్పు రేకులు. ఒక హమాలీ వచ్చి నా తల రెండు వైపులా పట్టుకున్నాడు. మంచివాడే, పదేళ్ళుగా తెలిసినవాడే. అయినా నాకు ఒక్కసారిగా ఊపిరాడలేదు. వెనక గదిలో పేర్చిన నిరుటి ట్రేల్లోంచి సొన వాసన వస్తోంది. చేతులు గడగడలాడాయి. లేద్దామంటే తల అతని చేతుల్లో ఉంది. రోడ్డు మీద నా చేతుల్లో ఇరుక్కున్న నా కూతురికి ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆవిడ వంగి నా చెవి దగ్గర అంది. "కళ్ళు మూయకండి. నన్ను చూడండి. ఇప్పుడు మీ భుజం ముట్టుకుంటాను. ఇదుగో. ఇప్పుడు మోచెయ్యి. ఇప్పుడు అతను మీ తల మెల్లగా వదిలేస్తాడు." ఒక్కోటీ చెప్పి, చెప్పాకే చేసింది. నా వణుకు తగ్గింది. ఆవిడ లేచి వాళ్ళతో, "చూశారుగా. దెబ్బ లేకుండానే ఇంత భయపడ్డారు. చేతులూ కాళ్ళూ పట్టుకుని గోనెబస్తాని ఎత్తినట్టు ఎత్తకండి. ముట్టుకునే ముందు చెప్పండి. బండికి నిప్పంటుకుంటే తప్ప కదపకండి," అంది. ఎవరూ నవ్వలేదు.

వాళ్ళంతా వెళ్ళిపోయాక నేను అడిగేశాను. రెండేళ్ళుగా గొంతులో అడ్డుపడ్డ మాట.

"మేడమ్, ఆ రోజు అంబులెన్సులో నేను మిమ్మల్ని చాలా మాటలన్నాను. మీ పిల్లల్ని కూడా అన్నాను."

ఆవిడ మజ్జిగ గ్లాసు తిరగేసి పెట్టింది.

"ఏం మాటలండీ? నాకేం గుర్తులేదు. అతని ఊపిరి తప్ప నేనేమీ వినలేదు ఆ టైములో."

నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, మా ఆయనకి చెప్పి, కడుపునిండా అన్నం తిన్నాను.

ఈ వేసవి మొదట్లో ఆవిడ కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లనుకున్నారు, ఆకుపసరు కూడా వేయించారు. పరీక్షలు చేస్తే కడుపులో కణితి అన్నారు. రెండు నెలలు. నేను విజయవాడ వెళ్ళి చూసినప్పుడు మంచంలో ఆవిడ ఇంకా చిన్నదైపోయి ఉంది. నర్సమ్మ సూదితో వస్తే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కాస్త ముందు చెప్పి చెయ్యండమ్మా," అని బతిమాలుకుంది.

నర్సమ్మ వెళ్ళాక నా వైపు చూసి, "భయంగా ఉందండి. చాలా భయంగా ఉంది," అంది.

ఏం కాదు మేడమ్ అని నా నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. "నేనిక్కడే ఉన్నానండి," అన్నాను. సాయంత్రం బస్సు టైమయ్యేదాకా ఉన్నాను. అదే ఆఖరు.

ఆ రోజు పైలట్ గారి ఫోను వచ్చాక మా ఆయనా నేనూ ఉంగుటూరు వెళ్ళాం. నారుమడులు పచ్చగా ఉన్నాయి. ఇల్లు చిన్నది, వరండాలో ఐసు పెట్టెలో ఆవిడ. కాళ్ళ దగ్గర నిలబడ్డాను గానీ మొహం చూడలేకపోయాను. దిక్కులేని చావు అన్న నా మాట చెవుల్లో మోగుతోంది. పొద్దున ఫోనులో విన్నప్పుడు నాకు వచ్చిన భయం అదే.

ఆవిడ భర్త రైసుమిల్లులో పని చేస్తారు. అందరితో మాట్లాడుతూ, ఆగుతూ, మళ్ళీ మాట్లాడుతూ ఉన్నారు. పక్కన డిగ్రీ చదివే కొడుకు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేను నూజివీడు ట్రేల షాపు నుంచి వచ్చానంటే ఆయన వాడి వైపు చూసి అన్నారు. "వీడంటే ప్రాణమండి ఆవిడకి. బండి ఇచ్చేది కాదు. అయిదేళ్ళ కిందట అనుకుంటా, ఒకరోజు డ్యూటీ నుంచొచ్చి అన్నం తినలేదు. ఎవరో ఒకావిడ అంబులెన్సులో శాపనార్థాలు పెట్టిందట, నీ పిల్లలకీ ఇలాగే జరగాలని. తల్లి గదా, బాధలో అంది అని తనే అంది. అంటూనే ఇంట్లో బండి తాళం బీరువాలో పెట్టి తాళమేసింది. సెలవులయ్యాక నెలరోజులు కాలేజీకి వీడితో పాటు బస్టాండుదాకా తనే నడిచెళ్ళింది."



ఆవిడ విన్నది. అతని ఊపిరీ విన్నది, నా మాటా విన్నది. పడి ఉన్నవాళ్ళకి అబద్ధం చెప్పకూడదని పదేపదే అన్న మనిషి, నాకు తెలిసి ఒకే ఒక్క అబద్ధం చెప్పింది. నాకు చెప్పింది.

"ఆ ఒకావిడ నేనేనండి," అన్నాను.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ భర్త నన్ను చూస్తూ ఉండిపోయారు. కొడుకు తలెత్తాడు. ఆ కాసేపు నేను పడ్డ భయం రోడ్డు మీద కూడా పడలేదు.

"మీ పాప కాలు ఇప్పుడు బాగుందటగా," అన్నారాయన చివరికి. "స్కూల్లో కబడ్డీ ఆడుతోందని చెప్పింది." కండువాతో మొహం తుడుచుకుని, "ఆ మాట తగిలేటట్టయితే, ఈపాటికి తను వందసార్లు పోయుండాలండి. రోడ్డు మీద ఎంతమంది తిట్టారో. రోజూ తిట్లు తినే ఇంటికొచ్చేది," అన్నారు.

కొడుకు లేచి లోపలికి వెళ్ళి ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నాకిచ్చాడు.

మాటకి అంత బలం లేదని నాకూ తెలుసు. కణితికీ నా నోటికీ సంబంధం లేదని స్కూల్లో చదువుతున్న మా అమ్మాయి కూడా చెప్పింది. అయినా వంటింట్లో ఉన్నప్పుడో, గల్లా దగ్గర ఉన్నప్పుడో ఉన్నట్టుండి చేతులు చల్లబడతాయి. ఈ భయం పోవాలని నేను కోరుకోవడం లేదు. మా అమ్మాయి మీద కోపంతో నోరు తెరవబోయి ఇప్పటికి చాలాసార్లు మూసుకున్నాను.

ఆవిడ గురించి తలుచుకుంటే ఆసుపత్రి మంచం కాదు, ఐసు పెట్టె కాదు, ఈ ఫిబ్రవరిలో ఒక సాయంత్రం గుర్తొస్తుంది. తోటలు పూత మీద ఉన్నాయి. ఆ రోజు ఆవిడకి సెలవు, మా ఊరి బజారుకి వచ్చింది. నీలం చొక్కా లేదు, పసుపురంగు నేత చీర కట్టుకుని, చేతిలో కూరల సంచితో మా షాపుకి ఎదురుగా రోడ్డుకి అవతల నిలబడింది. ఇటు రావాలి. నేను గల్లా దగ్గర్నుంచి చూస్తున్నాను.

ఒక లారీ వెళ్ళింది. ఒక ఆటో వెళ్ళింది. తరవాత రోడ్డు ఖాళీ అయింది. ఆవిడ ఒక అడుగు కిందికి వేసింది. ఎక్కడో దూరంగా హారను మోగింది. అడుగు వెనక్కి తీసుకుంది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, మళ్ళీ కుడివైపు చూసింది. కొంగు దగ్గరికి లాక్కుంది. కుక్క ఒకటి తాపీగా రోడ్డు దాటి ఇటొచ్చింది. రెండు వైపులా కనుచూపుమేర ఏమీ లేదు. ఆవిడ ఇంకా అక్కడే, అంచు మీద నిలబడి చూస్తూనే ఉంది.